బొటనవేలి పక్కన గుట్ట

పెళ్ళికి ముందు వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాట దుమ్ము గురించి. అతను నిచ్చెనెక్కి, సూదుల వైద్యం చేసే గదికి కొత్త కప్పు పలకలు బిగిస్తున్నాడు. ఆమె కింద నిలబడి, సూదుల పెట్టెల్ని గుండెకి హత్తుకుని, పైనుంచి సుద్దపొడి రాలుతోందని చెప్పింది. నిచ్చెన మీది మనిషి కిందికి చూడనైనా చూడకుండా, రాలకుండా బిగించే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదనీ, కాబట్టి ఆవిడే కొంచెం జరగాలనీ అన్నాడు. ఆమె జరిగింది. అలా జరుగుతూ జరుగుతూ, ఎనిమిది నెలలు తిరిగేసరికి అతనికి పెళ్ళామై కూర్చుంది.

తాడిచెట్టంత మనిషి కాబట్టి పనిలో అందరూ అతన్ని 'నిచ్చెన' అనేవాళ్ళు. నిచ్చెనకి మళ్ళీ నిచ్చెనెందుకని నవ్వేవాళ్ళు. క్లినిక్‌లో ఆమెని 'చిన్న డాక్టరమ్మ' అనేవాళ్ళు, పెద్ద డాక్టరమ్మ ఒకావిడ ఉంది కాబట్టి. పెద్ద డాక్టరమ్మకి అరవై దాటాయి. కళ్ళజోడు మెడలో గొలుసుకి వేలాడుతుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా మోకాళ్ళకీ నడుములకీ మెడలకీ సూదులు పెడుతున్నా, ఏ రోగితోనూ 'తగ్గిపోతుంది' అని అనలేదావిడ. 'చూద్దాం' అంటుంది. చిన్న డాక్టరమ్మ డిగ్రీ చదివి, ఆ పైన రెండేళ్ళు ఈ విద్య నేర్చుకుని ఆవిడ దగ్గర చేరింది. తన నాలుక చివర మాత్రం 'తగ్గిపోతుంది' ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. రోగి బల్ల మీంచి లేచి మెడ అటూ ఇటూ తిప్పి, "అరే, కాస్త నయమేనమ్మా" అంటే, ఆ నొప్పి తనకే తగ్గినట్టు వెలిగిపోయేది.

గదిలో మూడు బల్లలు, మధ్య తెరలు. వచ్చిన ప్రతి మనిషికీ కొత్త కాగితపు దుప్పటి. మూలన, వాడిన సూదులు పడేసే పసుపు డబ్బా. సూదులు పెట్టాక రోగి ఇరవై నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. పడుకున్నవాళ్ళకి కప్పు తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండదు. ఆ కప్పు మా ఆయన వేసిందేనని ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. నడుంనొప్పి ముసలాయన ఒకాయన చూసి చూసి, ఇంత పొడుగు గదిలో ఒక్క అతుకు కూడా వంకర పోలేదే, మీ ఆయన నిదానస్తుడై ఉండాలమ్మా అన్నాడు. ఆ ముక్కని ఆమె వారం రోజులు మోసుకు తిరిగింది.

కాపురం రెండు గదుల మేడ మీద వాటా. ముందు గదిలో అత్తగారు, లోపలి గదిలో వీళ్ళు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కొత్త కాపురంలో ఏది చూసినా పండగే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు నిలబడి ఉండటం ఆమెకి ముచ్చట. అతని చొక్కా జేబులో మేకుల మధ్య తన తలపిన్ను దొరకడం ముచ్చట. అత్తగారి ముందు 'మీరు', తలుపు వేసుకున్నాక 'నువ్వు'. గుమ్మం మీద ఒక్కోసారి తడబడి 'నువ్వండీ' అనేసేది. అత్తగారు లోపల్నించి, పోనీలే తల్లీ, రెండూ కలిపి వడ్డించావు అనేది.

నొప్పి పెళ్ళయిన మూడో నెలలో వచ్చింది. కప్పు పని చేసేవాడి మెడ రోజంతా వెనక్కి విరిగే ఉంటుంది. పలకని నెత్తితో ఎత్తిపట్టి, ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో మరమేకు బిగిస్తాడు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే. ఒకరోజు మర సగంలో ఉండగా మెడలోంచి భుజం మీదుగా చిటికెనవేలి దాకా కరెంటు తీగ పాకినట్టయిందట. ఇంటికొచ్చి పక్కకి తిరిగి పడుకుంటే మళ్ళీ పాకింది. తెల్లారేసరికి మొహం పీక్కుపోయింది.

వీధి చివరి డాక్టరు చెయ్యి ఎత్తించి, దింపించి, మెడ ఎముకల మధ్య నరం నలుగుతోందేమోనని అనుమానపడ్డాడు. మాత్రలు రాశాడు. దాంతోపాటు ఒక చీటీ కూడా రాశాడు, మెడకి స్కాన్ తీయించమని. నెల్లాళ్ళలో తగ్గుముఖం పడితే సరే, లేకపోతే ఆ చీటీ పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి పోవాలి, కత్తి పడినా పడొచ్చు. చెయ్యి పోతే అతని పని పోయినట్టే. పలకలెత్తలేని నిచ్చెనని ఎవరు పిలుస్తారు? కత్తి అనగానే అత్తగారు చీటీ లాక్కుని సొరుగులో పడేసింది. "సూది ఇంట్లోనే ఉండగా కత్తెందుకే? మీ ఆయనే గదా, నీ చేతులేం అరిగిపోవు" అంది కోడలితో.

చిన్న డాక్టరమ్మకి మాత్రం అంతకన్నా ఏం కావాలి? ఊరందరి మెడలూ పట్టుకుంటోంది, సొంత మొగుడి మెడ పట్టుకోలేదా?

మర్నాడు సాయంత్రం మంచం మీద కొత్త కాగితపు దుప్పటి పరిచింది. ఒక నోటు పుస్తకం కొంది. క్లినిక్ పద్ధతే ఇంట్లోనూ. సూది పెట్టేముందు నొప్పి ఎంతుందో రోగి అంకెలో చెప్పాలి, తీశాక మళ్ళీ చెప్పాలి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఇక నా వల్ల కాదు. ఆమె పెన్ను పట్టుకుని ఎంతని అడిగింది. నువ్వు పక్కనున్నందుకు ఎంత తీసెయ్యాలి అన్నాడు. ఏమీ తియ్యకు, ఉన్నది చెప్పు అంది.

"అయితే ఏడు."

మెడకి రెండు పక్కలా, భుజం మీద, మోచేతి మడతలో, కాలి కింద ఒకటి పెట్టింది. అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైన చోటు చేతిలోది. బొటనవేలిని చూపుడువేలికి గట్టిగా ఆనిస్తే రెంటి మధ్యా కండ గుట్టలా లేస్తుంది. సూది దిగాల్సింది ఆ గుట్ట శిఖరం మీద. మామూలు మనుషులకి రేగుపండంత లేస్తుంది. ఇతనికి పన్నెండేళ్ళు మరలు తిప్పిన చెయ్యి, నిమ్మకాయంత లేచింది. వేలితో నొక్కి చూసి మురిసిపోయింది. సూదిని నిలబెట్టే సన్న గొట్టంలోంచి సూది చివర చిన్నగా తట్టింది. అరంగుళం మెత్తగా దిగింది. లోపల బరువుగా, లాగినట్టు ఉంటే సూది పట్టినట్టు లెక్క. పట్టిందా అంటే, పట్టింది, గాలానికి చేప పట్టినట్టు పట్టింది అన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత, ఎంత?

అతను మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఐదు."

ఆమె గెంతిన గెంతుకి గోడవతల అత్తగారు ఏం పడిందే అని కేకేసింది. ఏమీ పళ్ళేదత్తయ్యా, నొప్పి పడింది అని ఇటునుంచి జవాబు. అత్తగారు వచ్చి కొడుకు పాదం దగ్గర సూది చూసి బుగ్గలు నొక్కుకుంది. చెయ్యి నొప్పికి కాల్లో సూదేమిటంది. "మాటకి ఎదురు చెప్పేవాళ్ళని వేలికేస్తే కాలికేస్తారు, కాలికేస్తే వేలికేస్తారు అంటాం. అదే ఒక వైద్యమని నాకు తెలీదమ్మా." ముగ్గురూ కలిసి నవ్వారు. నవ్వినప్పుడు అతని మెడ ఒకసారి జివ్వుమన్నట్టుంది, చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు.

రెండు రోజులకొకసారి సూదులు. నోటు పుస్తకంలో అంకెలు మెట్లు దిగాయి. ఐదు, నాలుగున్నర, నాలుగు, మూడున్నర. నెల తిరిగేసరికి మూడు. సొరుగులోని చీటీ ఊసెవరూ ఎత్తలేదు. శనివారం శనివారం ఆమె పుస్తకం పట్టుకెళ్ళి పెద్ద డాక్టరమ్మకి చూపించేది. ఆవిడ కళ్ళజోడు ఎత్తిపెట్టుకుని, అంకెలు వేలితో కిందికి జరుపుకుంటూ చదివి, అడుగున సంతకం పెట్టేది. స్కాన్ సంగతేమైందని ఒకసారి అడిగింది. తగ్గిపోతోందిగా అండీ అని ఈమె జవాబు. ఆవిడ ఊ అంది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ముద్దులు మరీ ఎక్కువయ్యాయి. పొద్దున్నే పనికి బయల్దేరుతూ అతను చొక్కా తగిలించుకుని ఆమె ముందుకొచ్చి నిలబడేవాడు, గుండీలు పెట్టమని. పెళ్ళయిన ఇన్ని నెలలకి సిగ్గు పోయి గారాలు మొదలుపెట్టాడని ఆమె అనుకుంది. అయిదు గుండీలకీ అయిదు కబుర్లు చెప్పేది. టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి తను పట్టుకోవడానికే ఖాళీగా ఉంచుతున్నాడనుకుంది, పట్టుకునేది. బ్రెడ్డు కొయ్యడం, సీసా మూత తియ్యడం ఆమెకే వదిలేశాడు. గదుల కొలతలు తను చెబుతుంటే ఆమెని రాయమనేవాడు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నావి నాకే అర్థం కావు అనేవాడు. ఇద్దరూ మంచం మీద బోర్లా పడుకుని పొడుగు ఇంత, వెడల్పు ఇంత అని రాసుకోవడం ఆమెకి సినిమాకెళ్ళినదానికన్నా సరదా.

అతనితో పనిచేసేవాడొకడున్నాడు, అతుకులకి పుట్టీ పూస్తాడు కాబట్టి పేరే 'పుట్టీ' అయిపోయింది. ఆమెని చెల్లెమ్మా అనేవాడు, నిచ్చెనని బావా అనేవాడు. ఒకరోజు టీ తాగిపోదామని వచ్చి, బావ ఇప్పుడు నిచ్చెనెక్కడం మానేశాడనీ, కింద నిలబడి పెత్తనం చేస్తూ, మాచేత కొలతలు కొలిపిస్తూ పెద్ద మేస్త్రీ అయిపోయాడనీ ఎద్దేవా చేశాడు. "పెళ్ళయ్యాక ఒంటికి దుమ్మంటితే ఒప్పుకోడు చెల్లెమ్మా. మర చేతికిస్తే కింద పడేస్తాడు. ధ్యాసంతా మేడ మీదే."

నిచ్చెన నవ్వలేదు. ఆమె మాత్రం చెవుల దాకా ఎర్రబడి, రెండో టీ పోసింది.

ఆమె సూదుల పనిలోనూ ఒక మార్పు కనిపించింది. బొటనవేలి పక్కన సూది మునుపటంత లోతుకి దిగకుండానే ఆగిపోతోంది. అరంగుళం దిగేది కాస్తా పావంగుళానికే ఎముక తగులుతోంది. దాన్ని ఆమె తన చేతి నేర్పు అనుకుంది. పెద్ద డాక్టరమ్మ సూది పెడితే పైపైనే పట్టేస్తుంది, ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది. తన చేతికీ ఆ తేలిక వచ్చేసిందనుకుంది. రోజుకింత రోజుకింత తగ్గుతూ పోయింది గనక ఏ రోజూ నిన్నటికన్నా తేడా లేదు. పైగా ఆమె కళ్ళు చేతి మీద ఉండేవి కావు. సూది తీసీ తియ్యగానే మొహంలోకి చూసేది, అంకె కోసం.

సూదులు మొదలెట్టిన నాలుగో నెల చివర అంకె రెండుకి దిగింది.

క్లినిక్‌లో అప్పుడే కొత్తగా ఆరుగురు నేర్చుకోవడానికి చేరారు. పెద్ద డాక్టరమ్మ వాళ్ళకి ఒక రోగిని మొదట్నించి చివరిదాకా చూపించమని చిన్న డాక్టరమ్మకి చెప్పింది. అది బాగా జరిగితే మూడో బల్ల ఆమె పేరనే ఉంటుంది, రోగుల్ని తనే చూసుకోవచ్చు. ఎవర్ని చూపించాలో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. అతను మాత్రం ఆ రోజు పనుందన్నాడు. తర్వాత ఒంట్లో నలతగా ఉందన్నాడు. పదిమందిలో చొక్కా విప్పడం సిగ్గన్నాడు. నీకు సిగ్గేమిటి, కప్పుకి వేలాడేవాడివి అని ఆమె నవ్వి, గుండీలు పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆరుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. అతను తను వేసిన కప్పు కిందే కూర్చున్నాడు. ఆమె నోటు పుస్తకం తెరిచి, ఏడు దగ్గర మొదలెట్టి, రెండు దాకా మెట్టు మెట్టుకీ ఆగుతూ చెప్పింది. పెద్ద డాక్టరమ్మ అన్నీ విని, ఈరోజు ఎంతబ్బాయ్ అని అతన్నడిగింది.

అతను ఆవిడ వైపు చూడలేదు. పెళ్ళాం మొహంలోకి చూశాడు. "రెండేనండీ."

ఆవిడ ఊ అని, ఏదీ చేతులు అంది. రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన బోర్లా పెట్టించింది. బొటనవేళ్ళు దగ్గరికి ఆనించమంది. ఎడం చేతి మీద నిమ్మకాయ లేచింది. కుడిచేతి మీద ఏమీ లేవలేదు. వేళ్ళ మధ్య తోలు లోపలికి పీక్కుపోయి, పల్లెంలా గుంట పడి ఉంది. ఆవిడ ఒక కాగితం అతని రెండు వేళ్ళ మధ్యా పెట్టి, వదలకుండా పట్టుకోమని చెప్పి, లాగింది. అది ఎదురు లేకుండా ఆవిడ చేతిలోకి వచ్చేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చేసింది.

ఆరుగుర్లో ఒకమ్మాయి రాసుకుంటోంది. పెద్ద డాక్టరమ్మ ఆ అమ్మాయిని రాయడం ఆపమంది. అందర్నీ బయటికి పంపింది.

"కండ ఎండిపోయింది" అంది చిన్న డాక్టరమ్మతో. తిట్టలేదు. "ఇది నెలల పని. నరం చచ్చిపోతోంది. ఇవాళే స్కాన్ తీయించండి." శనివారం శనివారం తనూ సంతకాలు పెట్టిందనీ, ఒక్క శనివారమైనా మనిషిని తీసుకురా అననిది తన తప్పేననీ అంది. ఎదుటివాడి నొప్పికి కొలబద్ద వాడి నోరొక్కటే, అది సరిగ్గా మనవాళ్ళ దగ్గరే పని చెయ్యదు అంది. కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుచుకుంది.

వాళ్ళిద్దరూ క్లినిక్ మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా వీధిలో ఎవరో బండి మీంచి అద్దం పలక దింపుతున్నారు, జాగ్రత్త జాగ్రత్త అని ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకుంటూ. అది లోపలికి వెళ్ళేదాకా ఇద్దరూ అటే చూశారు. తర్వాత ఆమె, ఎప్పట్నించి అని అడిగింది.

"మొదటి రెండు సార్లూ నిజంగానే తగ్గింది" అన్నాడు. "నీ మీదొట్టు. మూడోసారి తగ్గలేదు. నువ్వు పెన్ను పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నావు. నాలుగన్నాను. ఆ తర్వాత పై అంకె చెప్పడానికి నోరు రాలేదు. ఎక్కడానికి మెట్లే లేని నిచ్చెనైపోయింది, దిగడమే."

ఆమె, ఇవాళ నిజంగా ఎంత అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తనకి తెలీదన్నాడు. రోజూ ఆమె మొహం చూసి అంకె చెప్పి చెప్పి, లోపల అసలెంతుందో చూసుకోవడం మర్చిపోయానన్నాడు. ఎనిమిదేమో అన్నాడు. పనిలో నాలుగైదు మాత్రలు మింగుతున్న సంగతి కూడా అప్పుడే చెప్పాడు. పుట్టీకి తెలుసట. చెల్లెమ్మతో చెప్పొద్దని వాడిచేత ఒట్టు వేయించుకున్నాడట. వాడి ఎగతాళంతా అందుకేనట, ఆమెకేమైనా అర్థమవుతుందేమోనని.

ఆమె ముద్దుగా దాచుకున్నవన్నీ అక్కడ మెట్ల మీదే ఒక్కొక్కటే తిరగబడ్డాయి. గుండీలు పెట్టించుకోవడం గారం కాదు, వేళ్ళు పట్టు తప్పడం. గ్లాసు ఎడం చేతిలోకి మారింది తన చెయ్యి పట్టుకోవడానికి కాదు. బ్రెడ్డు, మూతలు, ముత్యాల అక్షరాలు, ఏవీ తను అనుకున్నవి కావు. చేతికి తేలిక వచ్చిందని గర్వపడిన ప్రతిసారీ సూది ఎముకనే తడుముతోంది. లోకంలో ఎవరికీ కనిపించని కండ కరగడం పూటపూటా వేలితో నొక్కి చూసింది తనొక్కతే. నొక్కి, అంకె రాసుకుంది.

పెద్దాసుపత్రిలో స్కాన్ చూసిన నరాల డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. మెడలో రెండు చోట్ల నరం నలిగిపోయిందన్నాడు. ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలబడొచ్చు, పోయింది రాకపోవచ్చు. నాలుగు నెలల కిందట వచ్చి ఉంటే మాట వేరు. నొప్పి సంగతి అడిగితే, కొందరికి పోతుంది, కొందరికి ఉండిపోతుంది, ముందే చెప్పలేం అన్నాడు. ఇన్నాళ్ళూ ఏం వైద్యం చేయించారని అడిగాడు. నిచ్చెన నోరు తెరిచేలోపే ఆమె, నేనే చేశానండీ అంది. ఆ డాక్టరు తల పంకించి కాగితంలోకి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయన అనలేదు. అనాల్సిన చోట ఆగిపోయాడు, అంతే.

అత్తగారు కూడా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదనో, నా కొడుకు చెయ్యి తిన్నావనో అంటే, పడి ఉండటానికి ఒక చోటు దొరికేది ఆమెకి. చీటీ సొరుగులో పడేసింది తనే గనక అత్తగారికి నోరు లేచేది కాదు. ముందు గదిలో కూర్చుని, కొడుకు చొక్కాలకి గుండీలు కోసేసి, నొక్కితే అంటుకునే పట్టీలు కుట్టేది. ఆపరేషన్ నాటికి ఏడు చొక్కాలు తయారయ్యాయి.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మెడకి గట్టి పట్టీ వేసి పంపారు. మూడు వారాలకి కుట్లు మానాయి. చెయ్యి అలాగే ఉంది. భుజంలోంచి చిటికెనవేలి దాకా పాకేది కూడా పోలేదు. కాస్త తగ్గిందా, అలాగే ఉందా అని డాక్టరడిగితే, అతను అలవాటుగా పక్కనున్న పెళ్ళాం వైపు తిరగబోయాడు. మెడ పట్టీ తిరగనివ్వలేదు.

పుట్టీ వచ్చి, తమ మేస్త్రీ పైవాళ్ళతో మాట్లాడుతున్నాడనీ, కూర్చుని చేసే పని ఏదైనా చూస్తారనీ చెప్పాడు. ఏ పనో అతనూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. ఈసారి హాస్యాలాడలేదు. టీ చల్లారిపోయేదాకా కూర్చుని వెళ్ళిపోయాడు.

ఆమె క్లినిక్‌కి వెళ్తూనే ఉంది. మూడో బల్ల ఊసు ఆమే ఎత్తొద్దంది. సూదులు పెడుతుంది, తీస్తుంది, తీసినవి లెక్కపెట్టి పసుపు డబ్బాలో వేస్తుంది. ఒకరోజు మోకాళ్ళ నొప్పి ముసలావిడ బల్ల దిగి నాలుగడుగులు వేసి, సగం పోయిందే తల్లీ, నీ చెయ్యి చల్లగుండ అని బుగ్గ నిమిరింది. ఇదివరకైతే ఆ పూటంతా గాల్లో తేలేది. ఇప్పుడు ఆవిడ మొహంలోకి చూస్తూ, ఈవిడకి నేను మనవరాలి లెక్కన్నమాట, అందుకే సగం అంది అనుకుంది. నిజంగానే సగం పోయిందేమో. తెలుసుకోవడం ఎలా? పుస్తకంలో అంకె వేసి, తర్వాతి మనిషిని పిలిచింది. ఆ రోజు పదకొండు మందికి తగ్గింది. పదకొండుమందిలో ఒక్కళ్ళని కూడా ఆమె నమ్మలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను మంచం మీద కూర్చుని ఆమెని పిలిచాడు. సూదులు పెట్టమన్నాడు. ఎందుకంది. ఊరికే, మధ్యాహ్నాలు మరీ లాగుతోంది, మాత్రలు కడుపులో మంటగా ఉన్నాయి అన్నాడు. పెద్ద డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగింది, మెడ జోలికి పోకుండా కాళ్ళకీ మోచేతికీ అయితే పెట్టొచ్చంది ఆవిడ. అంతకన్నా ఏమీ అనలేదు, చూద్దామని కూడా.

ఆమె కాగితపు దుప్పటి పరిచింది. కిటికీలోంచి ఎండ మంచం మీద సగం దాకా వచ్చింది. రెండు కాళ్ళకీ చెరొకటి పెట్టింది, మోచేతికి రెండు పెట్టింది. కుడిచేతి దగ్గరికి వచ్చి, బొటనవేలు ఆనించమని చెప్పబోయి మానేసింది. అక్కడ పెట్టడానికి చోటు లేదు. ఒక్కోసారి ఈ పక్క నొప్పికి ఆ పక్క పెడతారు. ఎడం చెయ్యి అందుకుంది. ఆ చేతి మీద గుట్ట నిండుగా లేచింది. సూది అరంగుళం మెత్తగా దిగింది. పట్టింది అన్నాడతను, అడక్కముందే.

ఇరవై నిమిషాలు ఆమె మంచం అంచున కూర్చుంది. అతను కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఇక్కడ అతను వేసిన పలకలేం లేవు. సున్నం పెచ్చులూడిన పాత కప్పు. ఎప్పటికైనా బాగు చేస్తానని పెళ్ళయిన కొత్తలో అన్నాడు. ఇద్దరికీ అది గుర్తొచ్చే ఉంటుంది, ఇద్దరూ ఆ మాట తేలేదు.

ఆమె సూదులు తీసింది. అయిదు పెట్టింది, అయిదూ తీసింది. తీస్తూ, అతని కళ్ళు తన మొహం మీద తిరుగుతుండటం గమనించింది. కనుబొమలు, పెదవులు, ఎక్కడ ఏం కావాలని ఉందో వెతుకుతున్నాయి. చెడ్డతనం కాదది. దాహమేసినవాడికి గ్లాసు అందించేవాడి చూపు అది. ఆమె లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడింది. సున్నం మీద పాత మేకు గుర్తొకటి ఉంటే దాన్నే చూస్తూ అడిగింది.

"ఎంత?"

వెనక మంచం కిర్రుమంది. ముందు గదిలో అత్తగారి కత్తెర ఆగింది. గోడ ముందున్న ఆమె తిరగలేదు. తిరిగితే ఏదో ఒక అంకె వస్తుంది, అది తన మొహంలోదే అయి ఉంటుంది.

"ఏం చెప్పమంటావు?" అన్నాడతను.